మంచి రేకు తగిలేదాకా

ఆ ఏడు వేట ఆపే ముందు ఆఖరి ట్రిప్పులో నా వ్యానులోంచి చేపలు రోడ్డు మీద పడ్డాయి.

ఉయ్యూరు దాటాక వెనకనుంచి ఒక మోటారుసైకిలాయన హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పక్కకి జరిగి దారిచ్చాను. పోడు. మళ్ళీ కొడతాడు. పొద్దున్నే ఎవడి మొహం చూశానో అనుకుంటూ, అద్దం దించి నాలుగు తగిలిద్దామనుకుంటుంటే పక్కకొచ్చి, "ఏవండోయ్, మీ చేపలు పడిపోతన్నాయండీ!" అని అరిచి ముందుకెళ్ళిపోయాడు.

ఆపి, వెనక డోరు ఎత్తి, టబ్బులు జరిపి చూస్తే కింద నేల లేదు. రెండు అరచేతులంత కంత. అందులోంచి తారురోడ్డు కనిపిస్తోంది. ఒక టబ్బు పగిలి, అందులోని చందువలు ఐసుతో సహా జారి, ఒక్కొక్కటే కంతలోంచి దిగిపోయాయి. వెనక్కి చూస్తే రోడ్డు పొడుగునా తెల్లగా మెరుస్తున్నాయి. ఒక కుక్క అప్పటికే నా వ్యాపారంలో వాటా తీసుకుంది. నాకు నవ్వొచ్చింది. రోడ్డు పక్కన నిలబడి పిచ్చోడిలా నవ్వాను. ఆ ఎండాకాలంలో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అదొక్కసారే.

మిగిలిన సరుకు బెజవాడలో దించుతుంటే హోటలు హర్షవర్ధన్ గారు బయటికొచ్చి వ్యాను చుట్టూ ఒకసారి తిరిగారు. నేను తెచ్చే చేపంతా ఆయన హోటలుకే. ఆయన కొంటేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

"సూర్యప్రకాష్ గారూ, ఏమనుకోకండి," అన్నారు. "వేట మళ్ళీ మొదలయ్యాక మొదటి సరుకు తెల్లారేసరికి మా వంటింట్లో ఉండాలి. ఐసు కంపెనీ వాళ్ళు చేప మేం తెస్తామని రోజూ ఫోన్ చేస్తన్నారు. మీ చేప తాజాగా ఉంటదని ఇన్నాళ్ళూ ఆగాను. బండి ఇట్టా ఉంటే మాత్రం నేనాగలేనండీ."

"అప్పటికి బండి కొత్తపెళ్ళికూతురులా ఉంటది, చూడండి," అన్నాను. ఆయన నవ్వలేదు.

మా పాలెం బందరుకి అవతల, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఉంటుంది. ఏప్రిల్ మధ్యలో వేట ఆపేస్తారు. చేప గుడ్లు పెట్టే రోజులు కాబట్టి జూన్ మధ్యదాకా నావ కదలకూడదు. ఆ రోజుల్లో పాలెమంతా మరమ్మతులే. నావలు ఒడ్డెక్కుతాయి. వలలకి కుట్లు పడతాయి. మగాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని ఆడవాళ్ళ ప్రాణం తీస్తుంటారు. నాకు నావ లేదు. నాకున్నది ఆ పాత మారుతి వ్యాను.

నిజానికి అదీ ఒకప్పుడు నావే. మా మేనమామ పోలరాజు నావ. ఆయన పోయాక, ఆయన కూతుర్ని చేసుకున్నవాణ్ణి కాబట్టి నావ నా చేతికొచ్చింది. నాకేమో నావెక్కితే కడుపులో తిప్పుతుంది. పాలెంలో ఇంతకంటే తలవంపుల జబ్బు ఇంకోటి లేదు. "సముద్రాన్ని చూస్తే వాంతి చేసుకునేవాడికి పిల్లనిచ్చి పోయాడు మా అన్న," అని మా అమ్మ పోలేరమ్మే నలుగురిలో అంటుంది. చివరికి నావ అమ్మి, చేతులు మారిన ఆ వ్యాను కొన్నాం. నావ కొన్నవాళ్ళు దాన్ని ఏట్లోకి దింపుకుని తీసుకెళ్తుంటే మా ఆవిడ సుధామణి ఇంట్లోంచి బయటికి రాలేదు. వ్యాను ఇంటిముందుకొచ్చాక మాత్రం దాని ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, "మా నాన్న నావే ఇది. చక్రాలొచ్చినయ్యి, అంతే," అంది.

ఆ రోజునుంచీ దాన్ని నావలాగే చూసుకుంది. నేను మధ్యాహ్నానికి బెజవాడనుంచి తిరిగొస్తే ముందు బండి సంగతి, తర్వాత నా అన్నం సంగతి. చీర ఎగ్గట్టి, ఉప్పుటేట్లోంచి బక్కెట్లతో నీళ్ళు మోసుకొచ్చి, కొబ్బరిపీచుతో పైకప్పునుంచి చక్రాలదాకా తోమేది. డోరు సందుల్లోకి వేళ్ళు పెట్టి మరీ తోమేది. చుట్టుపక్కల చేపల బళ్ళన్నీ వంద గజాల ముందే వాసనొస్తాయి. మా బండి ఇంటిముందుకొచ్చి ఆగినా తెలిసేది కాదు.

అందులో వింతేమీ లేదు. మా నావలు చెక్కవి. చెక్కలో వాననీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది, ఉప్పునీళ్ళు పోస్తే నిలుస్తుంది. మా మామ రోజూ సాయంత్రం నావ లోపలా బయటా ఏటినీళ్ళు చల్లేవాడు. పాలెంలో అందరి నావల కంటే ఎక్కువ కాలం బతికింది ఆయన నావే. బుట్ట కడిగినా, వల కడిగినా, అరుగు కడిగినా మాకు ఏటినీళ్ళే. మంచినీళ్ళు ట్యాంకరు మీద వస్తాయి. తాగడానికీ వండడానికీ చాలితే అదే గొప్ప. వాటితో బండి కడిగామంటే పాలెంలో మాతో ఎవరూ మాట్లాడరు.

బండిని బెజవాడ తీసుకెళ్ళే రోజు పొద్దున్నే సుధామణి ఇంకోసారి కడిగింది. నేలలోని కంత చుట్టూ కూడా జాగ్రత్తగా తోమింది.

"బాగుచేయించడానికేగా తీసుకెళ్ళేది, ఇప్పుడెందుకే?" అన్నాను.

"బండి మురిగ్గా ఉంటే వాడు పనీ మురిగ్గానే చేస్తాడు. ఐసునీళ్ళకి ఎప్పుడో పోవాల్సింది బావా ఇది. నేను కడగబట్టి ఇన్నాళ్ళు ఆగింది," అంది. ముఖంలో ఎంత గర్వమో.

జయపాల్ షెడ్డు ఆటోనగర్లో. టింకరింగ్ పని అతనిది, అంటే బళ్ళకి సొట్టలు తీయడం, తుప్పు తిన్నచోట కోసి కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయడం. నోరు ఊరుకోని మనిషి. ఏ పని చెప్పినా "అయిపోద్దండీ" అంటాడు. నా వ్యాను నేల చూసి కూడా అదే అన్నాడు.

"నేలేగదండీ. కోసేసి కొత్త రేకు ఏసేస్తా. మీరట్టా టీ తాగి రండి, అయిపోద్ది."

నేను టీ తాగొచ్చేసరికి వెనక సామానంతా బయట పడేసి, బ్యాటరీ వైరు ఊడదీసి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టి, చిన్న సుత్తి ఒకటి పట్టుకుని నేలంతా కొట్టుకుంటూ పోతున్నాడు. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు మాట్లాడదు. అతను కొట్టిన చోటల్లా మాట్లాడనిదే ఎక్కువగా వినిపించింది. కంత చుట్టూ సుద్దముక్కతో ఒక గీత గీశాడు. స్క్రూడ్రైవరుతో గీత అవతల పొడిచాడు. అది పిడిదాకా దిగింది. గీత చెరిపేసి, ఇంకాస్త అవతల గీశాడు.

"మంచి రేకు తగిలేదాకా కొయ్యాలండీ," అన్నాడు. "తుప్పు మీద అతికితే అతుకు నిలవదు. మంట తగిలితే పక్కనున్నదంతా కరిగి కారిపోద్ది."

"ఎక్కడ తగులుద్ది మంచి రేకు?"

"తగులుద్దండీ, ఎక్కడికి పోద్ది?"

పొద్దున్నే మొదటి బస్సులో బందరునుంచి వెళ్ళడం, సాయంత్రం బస్సులో తిరిగిరావడం. రోజూ వెళ్ళాల్సిన పని లేదు నాకు. కానీ ఇంట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. రేకుల షెడ్డు కింద ఎండాకాలం అంటే లోపల ఉడికిపోవడమే. ఆ వేడిలో జయపాల్ మంట పెట్టుకుని కూర్చునేవాడు. కొత్త రేకు కోసి, వంచి, అమర్చి, అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు పెట్టి నిలబెట్టి, తర్వాత అంచంతా వెల్డింగ్ లాగేవాడు. లాగుతుండగానే పాత రేకువైపు చిన్న బొక్క పడేది. ఆ బొక్క పూడ్చబోతే పెద్దదయ్యేది. మంట ఆపి, నల్ల అద్దం పైకెత్తి, సుద్దముక్క అందుకునేవాడు. గీత నేలనుంచి చక్రం మీదికి, చక్రం మీదనుంచి డోరు కిందికి, డోరు కిందనుంచి పైకప్పుని మోసే పక్క స్తంభం మీదుగా పైకప్పు అంచుదాకా పాకింది. కోసి పారేసిన ముక్కలు షెడ్డు మూల కుప్ప పడ్డాయి. వ్యాను కంటే కుప్పే పెద్దదవుతోందని నేను ఎగతాళి చేస్తే మొదట్లో అతనూ నవ్వాడు.

ఒకరోజు అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు అడిగాడు.

"ఇన్నేళ్ళ పనిలో ఇట్టాంటిది చూళ్ళేదండీ. చేపల బళ్ళు నా దగ్గరికి చానా వస్తయి. అన్నీ కిందనుంచి తుప్పు పడతయి. ఐసునీళ్ళు కారేది కిందికేగా. మీది పైనుంచి కూడా పట్టింది. డోర్ల లోపల చేయి పెడితే ముక్కలు ముక్కలుగా వచ్చేస్తంది. ఏ నీళ్ళతో కడుగుతారండీ దీన్ని?"

చెప్పాల్సిన పని లేకపోయింది. అతను నా మొహం చూసి, ప్లేటులోకి తల దించుకున్నాడు.

"మా ఆవిడ ఎప్పుడన్నా ఇటొస్తే ఈ మాట ఎత్తొద్దు," అన్నాను.

"నేనెందుకెత్తుతానండీ. అయిపోద్దిలే. మీరు తినండి."

ఆ సాయంత్రం బస్సు కంకిపాడు దాటి, ఉయ్యూరు దాటి, పామర్రు దాటింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను గాని ఏదీ కనిపించలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. చచ్చిపోయిన మామ మీద తెచ్చుకుందామన్నా, ఆయన చెప్పింది చెక్క నావ గురించి. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. సుధామణి చేసిందాంట్లోనూ తప్పు లేదు. రోజూ కళ్ళముందే కడుగుతుంటే పాలెంలో ఒక్కడికైనా తట్టలేదు. నాకూ తట్టలేదు. తప్పు లేకుండా ఇంత నష్టం ఎలా జరుగుతుందో నాకర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

ఇంటికెళ్ళేసరికి సుధామణి అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తోంది.

"ఏమన్నాడు? ఎందుకంత తుప్పు పట్టిందంట?"

"ఐసునీళ్ళేనంట."

"నేనన్లా?" అంది అమ్మవైపు తిరిగి. "చూశావా అత్తా. రోజూ కడిగినా ఇంత తిన్నదంటే, కడక్కపోతే ఎప్పుడో మట్టిలో కలిసేది."

"మా అన్న పోలికే నీకు. ఆయనా ఇంతే, నావకి నలుగు పెట్టడమొకటే తక్కువ," అంది అమ్మ మురిసిపోతూ.

నేను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. బక్కెట్లో ఏటినీళ్ళున్నాయి. వాటిని ముట్టుకోవాలంటే చేయి రాలేదు.

మే నెలాఖరుకి నేల పూర్తయింది. కొత్త రేకు మీద ఎర్ర ప్రైమరు కొట్టాక షెడ్డులోకి అడుగుపెట్టినవాళ్ళకి ముందు అదే కనిపించేది. పక్కలూ స్తంభాలూ ఇంకా అతుకుల మీద అతుకులుగా ఉన్నాయి గాని నాకు కొంచెం ఆశ పుట్టింది. ఇంట్లో ఆ మాట చెప్పడమే నేను చేసిన పొరపాటు. మర్నాడు సుధామణి టిఫిన్ క్యారియరు నిండా ఎండురొయ్యల కూర వండుకుని నాతోపాటు బస్సెక్కింది.

ఆటోనగర్ రోడ్డు పొడుగునా పట్టరాని ఆనందంతో నడిచింది. షెడ్డులోకి వస్తూనే వ్యాను వెనక వంగి, ఎర్రటి నేల మీద అరచేయి పెట్టి అటూ ఇటూ రాసింది.

"చానా బాగా చేశారండీ. నున్నగా ఉంది," అంది జయపాల్‌తో.

"ఇంకా ఉందమ్మా. అయిపోద్ది," అన్నాడు జయపాల్. క్యారియరు మూత తీసి వాసన చూసి, "దీనికోసమన్నా తొందరగా అవగొట్టాలి," అన్నాడు. సుధామణి నవ్వింది.

మేమిద్దరం తింటున్నాం. ఆవిడ తిననంది, షెడ్డంతా తిరుగుతోంది. ఊరుకునే మనిషి కాదు కదా, మూల కుప్పగా పడున్న పాత ముక్కల్ని ఒక పక్కకి సర్దడం మొదలుపెట్టింది. నేను వద్దని అరుద్దామనుకున్నాను. ఏమని అరవను? పైకప్పు అంచునుంచి కోసిన పొడుగాటి ముక్క ఒకటి ఎత్తింది. వాన నీరు పక్కకి జారడానికి పైకప్పు అంచులో గాడి ఉంటుంది, అది. గాడి మడతలో తుప్పు మధ్య తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. గోటితో గీకింది. వేలు నాలిక మీద పెట్టుకుంది.

జయపాల్ వాళ్ళమ్మాయి పెళ్ళి ఎట్టా జరిగిందో చెబుతూనే ఉన్నాడు. సుధామణి ఆ ముక్కని ఎక్కడిదక్కడ పెట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. వచ్చి మా పక్కన కూర్చుని, "ఇంకొంచెం కూర ఏసుకోండన్నయ్యా," అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు టిక్కెట్లు కొట్టి వెళ్ళాక, ముందు సీటు వైపే చూస్తూ అడిగింది.

"ఐసు పైకప్పు మీద పెట్టవు కదా బావా."

టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఈ మధ్యనే. పాత బండే కదే సుధా, ఎట్టాగూ పోయేదే."

"నేను కడక్కపోతే ఇంకెన్నాళ్ళు తిరిగేది?"

"నాకేం తెలుసు?"

"ఆయన్నడక్కపోయావా?"

అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. ఆవిడ తల తిప్పి కిటికీ చువ్వలకి ఆనించింది. పామర్రులో ఎవరో ఎక్కి పక్కన కూర్చుంటే సర్దుకుని చోటిచ్చింది. ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏదో ఒకటి చెబుదామని ఎదురుచూశాను. ఏడవలేదు.

ఆ మర్నాటినుంచి మా ఇంట్లో కడగడం ఆగిపోయింది. గిన్నెలు పెరట్లో పడున్నాయి. అరుగు మీద దుమ్ము పేరుకుంది. ఉప్పుటేటి వైపు వెళ్ళడమే మానేసింది. మొదట అమ్మ సణిగింది, ఒంట్లో బాగాలేదేమోనంది. తర్వాత నా దగ్గర విషయం రాబట్టి, ఆ వంగిన నడుముతోనే తను బక్కెట్టు పట్టుకుని ఏటికి వెళ్ళడం మొదలుపెట్టింది. అత్త గిన్నెలు తోముతుంటే సుధామణి అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చునేది. పెళ్ళయినప్పటినుంచీ ఆ చేతులు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. "మా నాన్న" అన్న మాట కూడా మళ్ళీ ఆవిడ నోట రాలేదు. అంతకుముందు రోజుకి పదిసార్లు విసుగొచ్చేలా వినేవాణ్ణి. ఒక్కసారి అంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుపోయింది.

నేను జయపాల్ మీద పడ్డాను. ఆ బండి లేచి నిలబడితే, హర్షవర్ధన్ గారి గుమ్మంలోకి మొదటి సరుకు చేరితే, సుధామణి కూడా లేస్తుందన్న ఆశ నాకు పట్టుకుంది. వేట మొదలయ్యే రోజు దగ్గరపడుతోంది. ఒడ్డున నావలకి రంగులు పడుతున్నాయి.

"ఇయ్యాల చక్రాలు బిగించి కిందికి దించుదామండీ," అని ఒకరోజు జయపాల్ అన్నాడు. చక్రాలు ఊడదీసి దిమ్మల మీద నిలిపిన బండిని లేపడానికి కొత్త నేల అంచు కింద జాకీ పెట్టాడు. నేను పక్కన నిలబడ్డాను. జాకీ తిప్పుతుంటే కొత్త నేల కొంచెం కొంచెంగా పైకి లేచింది. బండి లేవలేదు. పక్క డోరు దగ్గర స్తంభం లోపలికి మడత పడింది. పైకప్పు అంచు ఒక పక్కకి ఒరిగింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. బిస్కెట్టు విరిగినంత.

జయపాల్ జాకీ దించేశాడు. వంగి వెల్డింగ్ అంచులన్నీ వేలితో తడిమాడు.

"అతుకులు ఆగినయ్యండీ. చూడండి, ఒక్కటి ఊడలేదు," అన్నాడు. "వాటిని పట్టుకోడానికి బండే లేదు."

"పక్క షెడ్డాయన పుట్టీ పెట్టి రంగేసిస్తానంటున్నాడు. బయటికి తెలవదంట."

"తెలవదండీ. ఉయ్యూరుదాకా తెలవదు. ఆ తర్వాత రోడ్డు మీద పడేది చందువలు కాదు, మీరు."

కోపంతో ఏదో అనబోయాను. అతను సుద్దముక్క జేబులోంచి తీసి, దాన్ని చూసి, బల్ల మీద పెట్టేశాడు. "అయిపోద్ది" అంటాడని చూశాను. అనలేదు. ఎన్నో రోజులుగా ఆ మాట వింటూ విసుక్కున్నవాణ్ణి, ఆ పూట దానికోసం మొహం వాచిపోయాను.

లోపల ఇనప పట్టీలు అడ్డం పెట్టి బిగించి, చక్రాలూ ట్యాంకూ తగిలించి, డోరుని తాడుతో కట్టి, "ఇంటిదాకా పోద్దండీ. సరుకు మాత్రం ఎక్కించకండి," అన్నాడు. ఖాళీ బండిని నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాను. వెనకనుంచి అందరూ హారన్లు కొట్టారు. ఎవరినీ తిట్టబుద్ధి కాలేదు. ఇంటిముందు ఆపితే సుధామణి అరుగు దిగలేదు. వంగిన స్తంభాన్నీ, తాడు కట్టిన డోరునీ చూసింది. లోపలికి వెళ్ళి నాకు అన్నం పెట్టింది.

వేట మొదలైన రోజు పాలెమంతా ఒడ్డునే ఉంది. కొబ్బరికాయలు, హారతులు, పిల్లల కేకలు. మేం వెళ్ళలేదు. అంతకుముందే హర్షవర్ధన్ గారికి ఫోన్ చేసి విషయం చెప్పాను. "అయ్యో" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. మొదటి సరుకు ఐసు కంపెనీ బండిలో వెళ్ళింది. ఆ బండి మా ఇంటిముందునుంచే, మా వ్యాను పక్కనుంచే వెళ్ళింది. ఇప్పుడు ఆ కంపెనీ బండికి నేనే డ్రైవర్ని. దాన్ని కడగడానికి వేరే మనుషులున్నారు, బోరునీళ్ళున్నాయి. ఇంటికెళ్ళాక సుధామణి ఆ బండి గురించి ఒక్క ముక్క అడగదు.

పాత ఇనుము కొనే బెన్నీ బందరునుంచి వచ్చింది ఆ వారంలోనే. చిన్న లారీ తెచ్చాడు, వెనక బండిని లాక్కెళ్ళడానికి తాళ్ళు తెచ్చాడు. అదే రోజు పొద్దున మంచినీళ్ళ ట్యాంకరు వచ్చి వెళ్ళింది. ఇంట్లో బిందెలూ డ్రమ్మూ నిండి ఉన్నాయి.

బెన్నీ తాళ్ళు కట్టబోతుంటే సుధామణి గుమ్మంలోకొచ్చింది.

"కాస్త ఆగు తమ్ముడూ," అంది.

లోపలికెళ్ళి చంకన బిందెతో వచ్చింది. బిందె దించి, చీర ఎగ్గట్టి, బండి ముందు డోరు గడప మీద కాలు పెట్టి పైకెక్కి, పైకప్పు మీద నీళ్ళు పోసింది. కొబ్బరిపీచు అందుకుని తోమడం మొదలుపెట్టింది.

"తాగే నీళ్ళే పిల్లా!" అని అమ్మ లోపలినుంచి కేకేసింది.

"ఏంటక్కా, ఎట్టాగూ నలగ్గొట్టేదేగా," అన్నాడు బెన్నీ.

సుధామణి తోముతూనే ఉంది. పైకప్పు గాడి మిగిలినచోటల్లా వేలు పెట్టి మడతలు కడిగింది. డోరు తాడు విప్పించి లోపల సందులు కడిగింది. జయపాల్ వేసిన ఎర్రనేల మీద నీళ్ళు పోసి, కొంగు చివరతో తుడిచింది. బిందె అయిపోతే ఇంకోటి తెచ్చింది. నేను దగ్గరికెళ్ళి బిందె పట్టుకున్నాను. వద్దందామని పట్టుకున్నానో, సాయం చేద్దామనో నాకే తెలియదు.

"ఒక్కసారన్నా దీన్ని మంచినీళ్ళతో కడగనీ బావా," అంది.

నేను వెళ్ళి డ్రమ్ములోంచి ముంచి తెచ్చాను. కాసేపటికి అమ్మ కూడా గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. తన మంచం పక్కన పెట్టుకునే చెంబు చేతిలో ఉంది. ఆ నీళ్ళు బండి ముక్కు మీద, ఎప్పుడూ బొట్టు పెట్టే చోట పోసింది. బెన్నీ తాళ్ళు చేతిలో పట్టుకుని పక్కకి తిరిగి నిలబడ్డాడు.

బండి వెళ్ళిపోయింది. ఇంట్లో తాగడానికి చుక్క లేదు, ట్యాంకరు మళ్ళీ ఎల్లుండిగాని రాదు. పక్కింటికి వెళ్ళి అడగాలని ముగ్గురిలో ఎవరికీ అనిపించలేదు. అరుగు మీద కూర్చున్నాం. బండి నిలబడినచోట నేలంతా తడిసి ఉంది. సుధామణి దాన్నే చూస్తోంది. ఎండకి కొంచెం కొంచెంగా ఆరిపోయింది. ఇన్నేళ్ళూ బండి కడిగిన ప్రతిసారీ, ఆరాక అక్కడ తెల్లగా ఉప్పు మిగిలేది. ఆ రోజు ఏమీ మిగల్లేదు.